ఓడ మీద జీతం ఆగితే పార్లమెంటు ఎంతవరకు పనికొస్తుంది?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివానండి. మీ తమ్ముడు ఎనిమిది నెలల కిందట ఓఎస్‌గా, అంటే డెక్ మీద కింది స్థాయి నావికుడిగా, ఓడ ఎక్కాడు. నాలుగు నెలలుగా జీతం పడలేదు. ఓడ గల్ఫ్‌లో ఒక రేవు బయట లంగరేసి ఉంది. రాజోలులో మధ్యవర్తి మీ దగ్గర మూడున్నర లక్షలు తీసుకుని ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. "2025లో పార్లమెంటు ఓడల వాళ్ల కోసం కొత్త చట్టం చేసిందట కదా, అది అమలవుతోందో లేదో చూసేవాళ్లు ఎవరూ లేరా? మన ఎంపీ గారికి ఉత్తరం రాస్తే పని జరుగుతుందా?" అని అడిగారు.

నాది తాళ్లరేవు దగ్గర పల్లె. 1989లో డెక్ మీద కుర్రాడిగా ఎక్కి 2016లో బోసన్‌గా, అంటే డెక్ సిబ్బందికి పెద్దగా, దిగాను. దిగాక మా చుట్టుపక్కల కుర్రాళ్ల కాంట్రాక్టు కాగితాలు చూసిపెట్టడం, జీతాలు ఆగిన ఇళ్లవాళ్లకు అర్జీలు రాసిపెట్టడం అలవాటైపోయింది. నేను లాయర్ని కాను. చూసిందీ, చేసిందీ చెబుతాను. మీ ప్రశ్నలో రెండు పనులు కలిసిపోయాయి. మీ తమ్ముడి జీతం రాబట్టడం ఒకటి. చట్టం సరిగ్గా నడుస్తోందా అని పార్లమెంటులో అడిగించడం ఇంకోటి. మొదటిది రోజుల్లో కదలాల్సిన పని. రెండోదానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి సంవత్సరాలు కూడా. అందుకని ముందు జీతం సంగతి చెప్పి తర్వాత ఢిల్లీకి వెళ్తాను.

ఈ వారమే కదలమని చెప్పడానికి గట్టి కారణం ఉందండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అని ఒక ఒప్పందం చేసింది. ఓడల మీద దాన్ని ఎంఎల్‌సీ అంటారు. దానికి 2014లో చేసిన సవరణలు 2017 జనవరిలో అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఓనరు రెండు నెలల జీతం ఎగ్గొట్టాడంటే, మనిషిని ఓడ మీద వదిలేసి చేతులు దులుపుకున్నట్టే లెక్క. అలా వదిలేసినప్పుడు తిండి, మంచినీళ్లు, ఓడలో బతకడానికి సరిపడా ఇంధనం, వైద్యం, ఇంటికి చేర్చే ఖర్చు, బకాయి జీతం ఇవ్వడానికి ఓనరు ముందే బీమా కట్టి ఉండాలి. ఆ సర్టిఫికెట్ కాపీని ఓడలో అందరికీ కనబడే చోట అంటించాలి. మామూలుగా మెస్ రూమ్ దగ్గర బోర్డు మీద ఉంటుంది. బీమా ఇచ్చిన సంస్థ పేరు, ఫోన్ నంబరు, ఈమెయిలు అందులోనే ఉంటాయి.

అయితే ఆ బీమా బకాయి జీతంలో నాలుగు నెలల వరకే ఇస్తుంది. మీవాడికి ఆ నాలుగూ నిండిపోయాయి. "వచ్చే నెల అంతా కలిపి ఇచ్చేస్తారు" అని కెప్టెన్ చెప్పాడని ఆగితే, ఇక మీద ఆగే ప్రతి నెల జీతమూ బీమాకి బయటే పడుతుంది. మన కుర్రాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఓడ జెండా ఏ దేశానిదో, అంటే ఓడ ఏ దేశంలో రిజిస్టరైందో, ఆ దేశం ఎంఎల్‌సీలో ఉందో లేదో కూడా ముందు తెలుసుకోవాలి. లేకపోతే ఈ బీమా దారి మూసుకుపోవచ్చు.

ఫిర్యాదు ఒక్క చోటికి పంపి ఊరుకోవద్దండి. బీమా సంస్థకి, ఓడ జెండా దేశపు మారిటైమ్ ఆఫీసుకి, ఓడల వ్యవహారాలు చూసే ముంబైలోని కేంద్ర ప్రభుత్వ ఆఫీసు డీజీ షిప్పింగ్‌కి, అక్కడి మన ఎంబసీకి, విదేశాల్లో ఇబ్బంది పడేవాళ్ల ఫిర్యాదులు తీసుకునే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కి, ఐటీఎఫ్ అనే అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్యకి, అన్నింటికీ ఒకే రోజు ఒకే కాగితం వెళ్లాలి. మీవాడు నుసీలో గానీ మరో యూనియన్లో గానీ సభ్యుడైతే వాళ్లకీ పంపండి. ఓడలో తెల్ల కాగితం మీదా, "నాకు రావలసింది అంతా ముట్టింది" అని రాసి ఉన్న కాగితం మీదా సంతకం పెట్టొద్దని మీవాడికి గట్టిగా చెప్పండి.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. 2009లో నేనున్న ఒక చిన్న కార్గో ఓడ పశ్చిమ ఆఫ్రికాలో ఒక రేవు బయట అయిదు నెలలు నిలిచిపోయింది. జెండా ఒక దేశానిది, ఓనరు ఇంకో దేశంలో, ఏజెంటు మరో ఊళ్లో. బియ్యం అయిపోతే పట్టిన చేపలే తిన్నాం. తాగే నీళ్లు రోజుకి మనిషికి రెండు సీసాలు. ఆఖరికి ఓనరు తరఫు మనిషి పడవలో వచ్చి, మూడో వంతు డబ్బు, విమానం టిక్కెట్టు చేతిలో పెట్టి, అంతా ముట్టినట్టు కాగితం ముందు పెట్టాడు. ఇంట్లో మా అమ్మకి ఆపరేషన్ టైము. పెట్టేశాను. నాతో పాటు పదకొండు మంది పెట్టారు. ఓడ మీద నావికుడి జీతం బకాయి మిగతా అప్పులన్నింటికన్నా ముందు తీర్చాల్సిన బాకీ అని అప్పటికి నాకు తెలియదు.

మన దగ్గర ఆ హక్కు ఇప్పుడు 2017 అడ్మిరాల్టీ చట్టంలో స్పష్టంగా ఉంది. ఓడ అమ్మితే వచ్చే డబ్బులో సిబ్బంది జీతాలది మొదటి వరస. జీతం రావలసిన తేదీ నుంచి రెండేళ్ల దాకా ఆ హక్కు ఓడని అంటిపెట్టుకుని ఉంటుంది, ఓడ చేతులు మారినా సరే. ఆ ఓడ ఎప్పుడైనా కాకినాడకో విశాఖకో వస్తే, హైకోర్టుకి వెళ్లి దాన్ని కదలకుండా నిలిపించవచ్చు. కాబట్టి ఓడ పేరొక్కటే కాదు, దాని ఐఎంఓ నంబరు రాసిపెట్టుకోండి. పేరు మారుస్తారు, జెండా మారుస్తారు, ఆ ఏడంకెల నంబరు మారదు.

ఇక రాజోలు మధ్యవర్తి సంగతి. ఓడ మీదికి మనిషిని పంపాలంటే డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. గల్ఫ్‌కి కూలీల్ని, ఇంటి పనివాళ్లని పంపే ఏజెంటు లైసెన్సు వేరు, ఇది వేరు. మన కోనసీమలో ఒకే షాపులో రెండు పనులూ జరుగుతుంటాయి కాబట్టి జనానికి తేడా తెలియడం లేదు. లైసెన్సు ఉన్నవాడైనా సరే, ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మూడున్నర లక్షలు ఫోన్‌పేలో వేశారో, బ్యాంకులో వేశారో, ఆ రుజువు పట్టుకుని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. డీజీ షిప్పింగ్‌కి కూడా విడిగా రాయండి. చేతికి ఇచ్చినదైతే ఎవరి ఎదుట ఇచ్చారో రాయండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తానండి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఉభయ సభలూ కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టాన్ని ఆమోదించాయి. అంతకుముందు ఉన్నది 1958 నాటిది. పాతదానిలో 561 సెక్షన్లు, కొత్త బిల్లులో 325 క్లాజులు. 2016లో కూడా ఒక బిల్లు వచ్చింది గానీ, 2019లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. సెక్షన్లు తగ్గాయంటే చదవడానికి తేలికే. కానీ తగ్గిన చోటల్లా వివరాలు రూల్స్‌లోకి వెళ్తాయి. నావికుడితో కాంట్రాక్టు ఎలా ఉండాలి, జీతం ఎలా చెల్లించాలి, ఏజెంటు ఎంత బ్యాంకు గ్యారంటీ పెట్టాలి, ఫిర్యాదు ఎన్ని రోజుల్లో తేల్చాలి లాంటివన్నీ రూల్స్‌లోనే ఉంటాయి. రూల్స్ రాసేది మంత్రిత్వ శాఖ. ధవళేశ్వరంలో గేట్లు ఎత్తినంత మాత్రాన శివారు చేలోకి నీళ్లు రావని మనకు చిన్నప్పటి నుంచి తెలిసిందే కదా. కాలువలో తూడు తీయాలి, బోదె తవ్వాలి. ఇక్కడ చట్టం బ్యారేజీ అయితే రూల్స్ కాలువలు, డీజీ షిప్పింగ్ సర్క్యులర్లు బోదెలు.

పోయినసారి ఎంత ఆలస్యమైందో చూడండి. ఎంఎల్‌సీ వచ్చింది 2006లో. ప్రపంచంలో అమల్లోకి వచ్చింది 2013 ఆగస్టులో. మన పార్లమెంటు దానికి తగ్గట్టు చట్టాన్ని సవరించింది 2014లో. మన దేశం ఒప్పందాన్ని ఆమోదించింది 2015 అక్టోబరులో. రూల్స్ వచ్చింది 2016లో. మొత్తం పదేళ్లు. నేను ఆఫ్రికాలో చేపలు పట్టుకుని తిన్నది ఆ పదేళ్ల మధ్యలోనే. అందుకే ఈసారి రూల్స్ మీద కన్ను వేయాలని అందరికీ చెబుతుంటాను.

రూల్స్ మీద పార్లమెంటుకి అధికారం ఉంది. మంత్రిత్వ శాఖ చేసిన రూల్స్‌ని రెండు సభల ముందూ ముప్పై రోజుల పాటు ఉంచాలి. ఈలోగా సభ్యులు మార్పులు కోరవచ్చు, రద్దు చేయమని తీర్మానం పెట్టవచ్చు. ఇది కాక రెండు సభల్లోనూ సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీలు ఉన్నాయి, ఒక్కొక్క దానిలో పదిహేను మంది సభ్యులు. చట్టం ఇచ్చిన అధికారాన్ని దాటి రూల్స్ రాశారా, రాయాల్సినవి రాయకుండా కూర్చున్నారా అని చూడటమే ఈ కమిటీల పని. చట్టం అమల్లోకి వచ్చిన ఆరు నెలల్లో రూల్స్ చేయాలని ఆ కమిటీలు ఎప్పటి నుంచో అడుగుతున్నాయి. ఈ కమిటీల పేర్లు మన పేపర్లలో ఎప్పుడోగానీ కనబడవు. నావికుడికి మాత్రం సభలో జరిగే పెద్ద ప్రసంగాల కన్నా ఇవే ఎక్కువ అవసరం అని నా నమ్మకం.

ఒక పెద్ద చిల్లు కూడా ఉందండి. రూల్స్ సభ ముందుకు వస్తాయి, సర్క్యులర్లు రావు. ఓడల మీద మా బతుకు రోజువారీగా నడిచేది సర్క్యులర్లతోనే. ఏ కోర్సు మళ్లీ చేయాలి, ఏ కాగితం లేకపోతే సైన్ ఆన్, అంటే ఓడలో చేరడం, ఆపేస్తారు, ఏజెంటు మీద ఫిర్యాదుని ఏ పద్ధతిలో తీసుకుంటారు అన్నవి డీజీ షిప్పింగ్ ఉత్తర్వులతోనే మారిపోతుంటాయి. వాటిని ఎంపీలు ప్రశ్న వేసి బయటికి లాగాల్సిందే.

ప్రశ్న అంటే గుర్తొచ్చింది. ఎంపీ గారికి ఉత్తరం రాస్తే మీ తమ్ముడి జీతం వచ్చేస్తుందని నేను చెప్పను. ఆయన మంత్రికి లేఖ రాయగలరు, ఎంబసీతో మాట్లాడించగలరు. దానివల్ల ఫైలు కొంచెం వేగంగా కదులుతుంది, అది నేను చూశాను. కానీ ఎంపీ చేతిలో ఉన్న అసలైన పనిముట్టు ప్రశ్న. లోక్‌సభలో ప్రశ్నకి పదిహేను పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోజుకి నక్షత్రం గుర్తు ఉన్నవి ఇరవై, లేనివి 230 వస్తాయి. నక్షత్రం ఉన్నదానికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. లేనిదానికి రాతపూర్వకంగా ఇస్తారు. మనకి కావలసింది చాలావరకు ఆ రాతపూర్వక జవాబే, ఎందుకంటే అందులో లెక్కలు పట్టిక రూపంలో వస్తాయి, తర్వాత ఎవరైనా పార్లమెంటు వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. జవాబులో మంత్రి "పరిశీలిస్తాం", "వివరాలు సేకరించి సభ ముందు పెడతాం" అంటే అది హామీ కింద లెక్క. దాన్ని మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చారా లేదా అని వెంటపడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ప్రత్యేకంగా ఒకటి ఉంది.

మొదటిసారి నేను రాసిన అర్జీ నాలుగు పేజీలు. ఆ కుర్రాడి తల్లి ఏడుపు, ఇంటి అప్పు, ఓడలో బాధలు అన్నీ రాశాను. అన్నీ నిజాలే. దాంతో ఏ పనీ జరగలేదు. అర్జీ తీసుకున్న ఆఫీసులోని ఒక గుమస్తా గారు, ఆయన మేలు మరిచిపోను, "మాస్టారూ, ఇందులో అడగాల్సిన ప్రశ్న ఏదో చెప్పండి" అన్నారు. రెండోసారి ఒక్క పేజీలో నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. ఆ తర్వాతే అది సభ దాకా వెళ్లింది. మీకోసం అలాంటివే రాస్తున్నాను, ఇలాగే ఎత్తి రాసుకోండి.

గత మూడేళ్లలో ఆంధ్రప్రదేశ్ నావికుల నుంచి జీతం బకాయిల మీద డీజీ షిప్పింగ్‌కి ఏడాదివారీగా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి, ఎంత డబ్బు రాబట్టారు? ఓడల మీద వదిలేసిన భారతీయ నావికులు ఎందరు, వాళ్లను పంపిన ఏజెంట్లలో లైసెన్సు ఉన్నవాళ్లెందరు, లేనివాళ్లెందరు? నావికుల దగ్గర డబ్బు తీసుకున్నందుకు ఎన్ని లైసెన్సులు నిలిపివేశారు, రద్దు చేశారు, లైసెన్సు లేనివాళ్ల మీద ఎన్ని కేసులు పెట్టించారు? 2025 చట్టంలో నావికుల భాగానికి సంబంధించిన రూల్స్ ఏ తేదీన నోటిఫై చేశారు, ఏ తేదీన సభ ముందు పెట్టారు?

మీ తమ్ముడి వివరాలు విడి కాగితం మీద రాసి వెనక జోడించండి. సమావేశాలు మొదలయ్యే ముందే ఇవ్వాలి. మొదలయ్యాక ఇస్తే నోటీసు గడువు దాటిపోవచ్చు. మీదీ నాదీ అమలాపురం లోక్‌సభ నియోజకవర్గమే కాబట్టి మన ఎంపీ ఆఫీసులో ఇవ్వండి. రాష్ట్రం నుంచి రాజ్యసభలో పదకొండు మంది ఉన్నారు, వాళ్లలో ఒకరికి కూడా ఇవ్వండి. ఇది చదివే యానాం వాళ్లు ఒక మాట గమనించండి. గోదావరి మనందరిదీ ఒకటే అయినా మీ ఎంపీ పుదుచ్చేరి ఎంపీ. మీ అర్జీ అటు వెళ్లాలి. యానాం నుంచి ఒక కుటుంబం నెలన్నర పాటు కాకినాడలో తిరిగి వచ్చింది, ఈ సంగతి ఎవరూ చెప్పక.

ప్రశ్నల తర్వాత చెప్పుకోవాల్సింది రవాణా, పర్యాటక, సాంస్కృతిక శాఖల స్థాయీ సంఘం. ఓడరేవులు, షిప్పింగ్ శాఖ దీని కిందికే వస్తుంది. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. ఏటా శాఖ బడ్జెట్‌ని ఇది పరిశీలిస్తుంది. అధికారులను పిలిచి కూర్చోబెట్టి అడుగుతుంది. ఒక్కోసారి పేపర్లో ప్రకటన ఇచ్చి మామూలు జనం నుంచి కూడా అభిప్రాయాలు తీసుకుంటుంది. సంఘం సిఫారసులు ప్రభుత్వం పాటించి తీరాలని లేదు, కానీ ఏం చేశారో మూడు నెలల్లో జవాబు ఇవ్వాలి. పిటిషన్ల కమిటీ కూడా ఉంది గానీ, చట్టంలో వేరే దారి ఉన్న విషయాన్ని అది తీసుకోదు. అందుకని ఒక్కరి జీతం బకాయి అక్కడికి పంపి లాభం లేదు. పదిమందికి ఒకే ఏజెంటు వల్ల, ఒకే లోపం వల్ల నష్టం జరిగితే, ఆ లోపం మీద పంపండి.

ఇంకో చోటు చాలామందికి తెలియదు. 1958 చట్టం కింద నేషనల్ షిప్పింగ్ బోర్డు ఏర్పడింది. అందులో లోక్‌సభ ఎన్నుకున్న నలుగురు, రాజ్యసభ ఎన్నుకున్న ఇద్దరు, మొత్తం ఆరుగురు ఎంపీలకు చోటిచ్చారు. ఓడ ఓనర్ల తరఫున ఎంతమందో నావికుల తరఫున కూడా అంతేమంది ఉండాలని రాశారు. అంటే ఆ రోజుల్లోనే ఎంపీలూ ఓనర్లూ నావికులూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని అనుకున్నారు. అది మంచి ఆలోచన అని ఇప్పటికీ అనుకుంటాను.

గట్టిగా అడిగితే ఏం జరుగుతుందో చూడాలంటే బ్రిటన్ సంగతి చెప్పాలి. 2022 మార్చి 17న పీ అండ్ ఓ ఫెర్రీస్ అనే కంపెనీ దాదాపు 800 మంది నావికులను ముందస్తు మాట లేకుండా ఒక్కరోజులో తీసేసింది. వాళ్ల చోట ఏజెన్సీ ద్వారా తక్కువ జీతం వాళ్లను పెట్టింది. సరిగ్గా వారానికి, మార్చి 24న, అక్కడి పార్లమెంటు కమిటీలు రెండు కలిసి కంపెనీ ముఖ్యాధికారిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగాయి. యూనియన్లతో చర్చించాలని చట్టం చెబుతున్నా చర్చించకూడదనే నిర్ణయించుకున్నామని ఆయన అందరి ముందూ ఒప్పుకున్నారు. కొత్తవాళ్ల సగటు జీతం గంటకి అయిదున్నర పౌండ్లని కూడా ఆ గదిలోనే బయటపడింది. అది ఆ దేశంలో ఒడ్డున పనిచేసే వాళ్లకి ఇవ్వాల్సిన కనీస వేతనం కన్నా చాలా తక్కువ. ఏడాదికల్లా, 2023 మార్చిలో, నావికుల వేతనాల చట్టం చేశారు. ఏడాదికి కనీసం 120 సార్లు అక్కడి రేవులకు వచ్చే ఫెర్రీలు, ఏ జెండా ఉన్నా సరే, బ్రిటన్ జలాల్లో గడిపిన పని వేళకు ఆ దేశపు కనీస వేతనంతో సమానంగా ఇవ్వాలి. అది అమల్లోకి రావడానికి మళ్లీ 2024 డిసెంబరు దాకా పట్టింది, అక్కడా రూల్స్ రాయాలి కదా. తీసేసిన వాళ్లకి పాత ఉద్యోగాలు తిరిగి రాలేదు. అయినా జెండా పరాయిదైనప్పుడు రేవు చేతిలో ఎంత బలం ఉందో ఆ చట్టం చూపించింది.

ఆ బలం మనకీ ఉంది. ఎంఎల్‌సీ ప్రకారం మన దేశానికి మూడు బాధ్యతలు. మన జెండా ఓడల మీద పూర్తి బాధ్యత. మన రేవుకి వచ్చిన పరాయి ఓడని తనిఖీ చేసే అధికారం. మన కుర్రాళ్లను పంపే ఏజెంట్లను అదుపులో పెట్టే బాధ్యత. మీ తమ్ముడి ఓడ పరాయి జెండాది, పరాయి రేవులో ఉంది. అందుకని మొదటి రెండూ అతనికి వర్తించవు. మూడోది వర్తిస్తుంది. మన నావికుల్లో ఎక్కువమంది పరాయి జెండాల కిందే పనిచేస్తున్నారు కాబట్టి, మన పార్లమెంటు అన్నింటికన్నా గట్టిగా పట్టుకోవాల్సింది ఈ మూడోదాన్నే. 2024లో ప్రపంచమంతా 312 ఓడల మీద 3,133 మందిని ఓనర్లు వదిలేశారని ఐటీఎఫ్ లెక్క చెప్పింది. అందులో ఏ దేశం వాళ్లకన్నా ఎక్కువమంది మనవాళ్లే, 899 మంది. వాళ్లలో ప్రతి ఒక్కణ్నీ ఎవరో ఒక ఏజెంటు పంపించాడు కదండీ. ఆ ఏజెంటు ఎవరన్నది మన ప్రభుత్వం చెప్పగలగాలి.

పని వేళల గురించి ఎవరూ అడగరు, అది నాకు బాధ. ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలి. బోసన్‌గా ఆ రిజిస్టర్లు నేనే నింపించాను. కాగితం మీద అందరూ హాయిగా నిద్రపోయినట్టే ఉండేది. అసలు సంగతి వరసగా మూడు రేవుల్లో తాళ్లు లాగి, మధ్యలో హోల్డ్ (సరుకు గది) కడిగి నిలబడి నిద్రపోయిన కుర్రాళ్లకే తెలుసు. తనిఖీల్లో ఇలాంటి రిజిస్టర్లు ఎన్ని తప్పని తేల్చారు అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, తనిఖీ ఎలా జరుగుతోందో తెలిసిపోతుంది.

మన డెల్టాలో ఈ చట్టం నీడలోకి అసలే రానివాళ్లు కూడా ఉన్నారు. కాకినాడలో పెద్ద ఓడ లంగరులో నిలబడితే బియ్యం బస్తాలు బార్జీల మీద వెళ్తాయి. రేవు నిబంధనల పరిధిలోనే తిరిగే అలాంటి నావలకు ఎంఎల్‌సీ వర్తించదు. చేపల బోట్లకి కూడా వర్తించదు. వాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో వేరే ఒప్పందం చేసింది, 188 నంబరుది, కానీ మన దేశం దాన్ని ఆమోదించలేదు. భైరవపాలెం నుంచో అంతర్వేది నుంచో వేటకి వెళ్లిన కుర్రాడికి కాంట్రాక్టు కాగితం లేదు, విశ్రాంతి లెక్క లేదు. కాకినాడ రేవు రాష్ట్ర మారిటైమ్ బోర్డు కిందిది కాబట్టి బార్జీల వాళ్ల సంగతి ఢిల్లీలో అడిగితే "రాష్ట్రానిది" అంటారు. అది అసెంబ్లీలో అడిగించాలి, మన ఎమ్మెల్యేల చేత. ఒకప్పుడు కోరంగి నుంచి, కాకినాడ నుంచి రంగూన్ వెళ్లిన మనవాళ్లను బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. అంత పేరున్న తీరంలో బార్జీ సరంగుకి ఈరోజుకీ జీతం చీటీ ఇవ్వడం లేదంటే నాకు మనసు ఒప్పదు.

మీ దగ్గరున్న కాగితాల్లో ముఖ్యమైనవి అయిదు: కాంట్రాక్టు, సీడీసీ (నావికుడి సర్వీసు పుస్తకం) మొదటి పేజీ, ఇండోస్ నంబరు (నావికుడి గుర్తింపు నంబరు), పడిన జీతాల బ్యాంకు స్టేట్‌మెంటు, ఏజెంటుకి డబ్బు ఇచ్చిన రుజువు. కాంట్రాక్టు కాపీ మీ తమ్ముడి దగ్గరే ఉంటే, దాన్నీ మెస్ రూమ్ దగ్గరి బీమా సర్టిఫికెట్‌నీ ఫొటోలు తీసి ఈ రాత్రికే పంపమనండి. లంగరులో ఉన్న ఓడలో డీజిల్ తగ్గగానే ముందు జనరేటర్ ఆపుతారు. ఆ తర్వాత ఫోన్ చార్జింగ్‌కి కూడా దారి ఉండదు.